మీటర్ గేజ్ పట్టాల కింది కర్ర

శావల్యాపురం స్టేషనులో మీటర్ గేజ్ బండి ఎక్కినవాళ్ళు ఈ సంచిక చదివేవారిలో చాలామందే ఉంటారు. బండి గుర్తుంటుంది, అట్టముక్క టిక్కెట్టు గుర్తుంటుంది. పట్టాల కింద అడ్డంగా పడుండి బరువంతా మోసిన కర్ర సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. ఇంజనీరును కాబట్టి నా చూపు ముందు అక్కడికే పోతుంది. మన ప్రాంతంలో పాత కలప చేతులు మారుతూ ఎలా బతికిందో చెప్పాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

గుంటూరు–గుంతకల్లు మార్గాన్ని 19వ శతాబ్దం చివర్లో మీటర్ గేజ్‌గా వేశారు. సదరన్ మరాఠా రైల్వే కంపెనీ దాన్ని నడిపింది. 1908లో ఆ కంపెనీ మద్రాస్ రైల్వేతో కలిసి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయింది. మన పెద్దలు ‘ఎమ్మెస్సెమ్’ అనేది దాన్నే. 1951లో దక్షిణ రైల్వే, 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డాయి. 1990లలో మన లైను బ్రాడ్ గేజ్ అయింది.

మీటర్ గేజ్ చెక్క స్లీపరు కొలత ఆరడుగుల పొడవు, 8 అంగుళాల వెడల్పు, నాలుగున్నర అంగుళాల మందం. లెక్క వేస్తే సరిగ్గా ఒకటిన్నర ఘనపుటడుగు. మైలు పట్టాకు 1,760 నుంచి 2,000 స్లీపర్లు పట్టేవని సోషల్ పాఠాల్లో చదువుకున్నదే. తక్కువ లెక్కే తీసుకున్నా నూరు మైళ్ళకు 1,76,000 స్లీపర్లు, అంటే 2,64,000 ఘనపుటడుగుల కలప. ఇది ఒక్కసారి వేసిపెడితే తీరేది కాదు. మందు పట్టించని కర్ర ఎండకు, వానకు, చెదకు పది పదిహేనేళ్ళు ఆగితే గొప్ప. తర్వాత మార్చాల్సిందే. చెక్కకు బదులు పోత ఇనుము, ఉక్కు స్లీపర్లు కూడా వాడారు గానీ, దేశం మొత్తం మీద టేకు, సాల, దేవదారు అడవులను రైలు తిన్నంతగా మరొకటి తినలేదు.

మద్రాసు ప్రభుత్వం 1856లో క్లెగ్‌హార్న్ అనే వైద్యుణ్ణి అడవుల సంరక్షకుడిగా నియమించింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు గీతలు గీశాక ఊరి వడ్రంగి అడవిలోకి పోయి నచ్చిన మాను కొట్టుకొచ్చే రోజులు పోయాయి. నా మటుకు పాత కర్రకు ఊళ్ళలో అంత గౌరవం రావడానికి ఈ కరువు ఒక ముఖ్య కారణం. కొత్తది దొరకనప్పుడు ఉన్నదాన్ని జాగ్రత్తగా విప్పి దాచుకున్నారు.

మిద్దె ఇల్లు చూడండి. స్తంభాల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద పలకలో నాపరాళ్ళో, పైన చవుడు మట్టి. ఇల్లు పాతబడి విప్పితే దూలం దూలంగానే దిగేది. ఒకవైపు పుచ్చితే అంతమేర కోసి, చిన్న గదికి వేసుకునేవారు. ఇంకా చిన్నదైతే గొడ్లచావిడి గుంజ. తలుపు రెక్క పలకలు గాదె మూత అయ్యేవి. టేకు, ఏగిస, మద్ది ముక్కలు మంచం కోళ్ళకో పట్టెలకో పనికొచ్చేవి. పొలం గట్టున పెరిగిన నల్లతుమ్మ బండి చక్రాలకు, నాగళ్ళకు పోయేది. చివరికి ఏదీ కాని ముక్క పొయ్యిలోకి. పాత కర్ర కొత్త ఇంటి సింహద్వారానికి పనికిరాదన్న నమ్మకం ఒకటుంది. దాన్ని పాటిస్తూనే మిగతా ఇంటికంతా పాత కర్రే వాడినవారు ఎందరో!

ఇది సాధ్యం కావడానికి అసలు కారణం అతుకు. మన వడ్రంగులు ఒక చెక్కకు నాలుక తీసి, రెండో చెక్కలో తొలిచిన బెజ్జంలో దించి, అడ్డంగా చెక్క సీల కొట్టేవారు. సీల వెనక్కి కొడితే అతుకు ఊడి వస్తుంది, చెక్క చీలదు. మేకు, జిగురు అలా కాదు. ఈ అతుకు ఎంత పాతదో తెలియాలంటే అమరావతి వెళ్ళాలి. స్తూపం చుట్టూ కట్టిన రాతి ప్రాకారం వడ్రంగి పనికి నకలే. నిలువు కంబాలకు గాడులు తొలిచి అడ్డపట్టెలు దూర్చారు. అక్కడిదే, ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక ఫలకానికి ఒకవైపు క్రీ.పూ. 1వ శతాబ్దపు శిల్పం ఉంది. దాన్నే తిప్పి రెండో వైపు క్రీ.శ. 3వ శతాబ్దంలో చెక్కారు. రాయినే అలా వాడుకున్నారంటే కర్ర సంగతి చెప్పాలా?

గేజ్ మార్చినప్పుడు, అంతకు ముందు మరమ్మతుల్లోనూ తీసేసిన స్లీపర్లను రైల్వేలు వేలం వేయడం మామూలే. లైను పక్క ఊళ్ళలో వాటిని పశువుల పాక గుంజలుగా, దొడ్డి గేటు కంబాలుగా, కాలువ మీద దాటేందుకు వేసిన చెక్కలుగా చూసినవాళ్ళం. పక్కల్లో పట్టా మేకుల బెజ్జాలు, వాటి చుట్టూ ఇనుము తుప్పుకు నల్లబడ్డ మచ్చలు ఉంటాయి, గుర్తుపట్టడం తేలిక. లోపల చేవ మాత్రం చెక్కుచెదరదు. పచ్చి కర్రలో తేమ 30 శాతం పైనే ఉంటుంది. మన ఎండలకు 10–12 శాతానికి దిగేలోపు అది వంగుతుంది, పగులుతుంది. పాత కర్ర ఆ వంకరలన్నీ ఎప్పుడో పోయి స్థిరపడింది. పదిహేను ఇరవై ఏళ్ళకే కొట్టేసిన తోట టేకులో చేవ తక్కువ, తెల్లచెక్క ఎక్కువ. అందుకే చిత్రిక పట్టే చేతికి పాతదే ఇష్టం.

ఒక జాగ్రత్త. నల్లగా, తారు వాసన కొట్టే స్లీపర్లకు క్రియోసోట్ పట్టించి ఉంటుంది. అది ఆరోగ్యానికి హాని. అలాంటి కర్రను ఇళ్ళ లోపల, పిల్లల ఆటస్థలాల్లో వాడకూడదని ఐరోపా సమాఖ్య 2001లోనే ఆదేశించింది. ఎండకు వేడెక్కితే ఇప్పటికీ వాసన వస్తుంది. దాంతో భోజనం బల్ల చేయించకండి, పొయ్యిలో అసలే పెట్టకండి.

1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు, కేంద్రం ఆమోదించిన ప్రణాళిక లేకుండా అడవుల్లో చెట్లు కొట్టొద్దని ఉత్తర్వు ఇచ్చింది. రైల్వేలు కాంక్రీటు స్లీపర్లకు మారాయి. పిడుగురాళ్ళ నుంచి మన ఊరికి వచ్చిన కొత్త లైను కింద ఉన్నది కాంక్రీటే. ఇళ్ళకు శ్లాబులొచ్చాయి. మిద్దె కూలగొట్టే కాంట్రాక్టరు కూలీకి బదులు దూలాలు పట్టుకుపోవడం ఇప్పుడు మామూలైంది. ఒక్కరోజులో పొక్లెయిన్‌తో పడగొడితే నాలుకలు విరిగి, నూరేళ్ళ టేకు కట్టెల ధరకు తూకమవుతుంది. చెట్టినాడులో బర్మా టేకు స్తంభాలు కారైకుడి పాతసామాన్ల కొట్ల నుంచి దూరదేశాలకు పోయాయి. మనవాటికి ఆ పేరు కూడా దక్కలేదు.

సామిల్లు వాళ్ళు పాత కర్ర అంటే వెనక్కి తగ్గడానికి కారణముంది. లోపల దాగిన ఒక్క మేకు తగిలితే బ్యాండ్ సా బ్లేడు తెగిపోతుంది. అయస్కాంతంతో గాలించి, మేకులు పీకి, పైపొర చెక్కి చూసే ఓపిక వడ్రంగికే ఉంటుంది. మన ఊళ్ళలో అలాంటివారు ఇంకా ఉన్నారు గానీ పిల్లలు ఆ పనిలోకి రావడం లేదు. మిద్దె విప్పేవారు ముందు రోజు అలాంటి ఒకరిని పిలిస్తే, ఏ దూలం ఏ పక్క నుంచి దించాలో సున్నంతో గుర్తు పెట్టి వెళ్తారు. బళ్ళలో కొత్త డెస్కులొచ్చాక మూలపడ్డ పొడుగు బెంచీలకూ ఇదే వర్తిస్తుంది. కాళ్ళు పుచ్చినా పైపలక బాగుంటుంది. అడుగువైపు కొంచెం చెక్కి, రంగు, వాసన చూసి, అప్పుడు వేలం ధర కట్టండి.