గాజు పలక, ఎక్స్-కిరణము

అమీర్‌పేటను ఆనుకొని బేగంపేటలో నిజామియా వేధశాల కలదు. నవాబు జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండ వద్ద నెలకొల్పిన ఈ సంస్థ కొన్నేండ్లకు ఇక్కడికి తరలివచ్చినది. ఆకాశమునంతటిని ఛాయాచిత్రములలో నిలుపుటకు పలుదేశముల వేధశాలలు పంచుకొనిన మహాకార్యములో హైదరాబాదుకును ఒక భాగము దక్కినది. 1914 నుండి పోకాక్, ఆయన పిమ్మట టి. పి. భాస్కరన్ గారల పర్యవేక్షణలో గాజు పలకలపై ముద్రపడిన చుక్కలను కొలిచి, నాలుగు లక్షలకు మించిన నక్షత్రముల స్థానములను పన్నెండు సంపుటములలో ప్రకటించినారు.

అంతటి దీక్షకును అందని వెలుగు ఒకటున్నది. అది ఎక్స్-కిరణము. ఆకాశము నుండి వచ్చు ఈ కిరణములను మన వాయుమండలమే మింగివేయును. నేలపై ఎంత గొప్ప దూరదర్శినిని నిలిపినను అవి చిక్కవు.

కన్యారాశిలో 3సి 273 అను చుక్క కలదు. 1963లో మార్టెన్ ష్మిట్ దాని వర్ణపటమును పరిశీలించి, అది మన పాలపుంతకు ఎంతో ఆవలిదని గ్రహించినారు. నేటి లెక్కకు దాని దూరము రమారమి 240 కోట్ల కాంతి సంవత్సరములు. ఇట్టి జ్యోతులకే క్వాసార్లని పేరు. మనకు కానవచ్చు క్వాసార్లలో మిక్కిలి ప్రకాశవంతమైనది ఇదియే. దీని గర్భమున మహత్తరమైన కృష్ణబిలమున్నది. దానిలో పడబోవు వాయువు కాగి వెలుగును. దీని నుండి ఎక్స్-కిరణములు వచ్చుచున్నవని 1970లో శాస్త్రజ్ఞులు ప్రకటించినారు.

ఆ కాలముననే మన నగరమును ఈ విద్యకు పూనుకొన్నది. టాటా మౌలిక పరిశోధన సంస్థవారు హైదరాబాదు నుండి పెద్ద బెలూన్లలో పరికరములను పైకంపి, 1968లో వృశ్చికరాశిలోని ఎక్స్-కిరణ జ్యోతిని పరిశీలించినారు. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుండి ఆస్ట్రోశాట్ ఉపగ్రహము అంతరిక్షమునకే వెడలినది.

అట్లయిన పాత గాజు పలకలకు పని తీరినదా? తీరలేదు. 3సి 273 స్వరూపము తెలిసిన వెంటనే పరిశోధకులు వెదకినది పాత పలకలనే. హార్వర్డు వేధశాలలో పందొమ్మిదవ శతాబ్దమునుండి భద్రపరచిన చిత్రములలో ఆ చుక్క వెలుగు హెచ్చుతగ్గులు బయటపడినవి. వాటిని తీసినవారికి క్వాసారు అను మాటయే తెలియదు. ఎక్స్-కిరణ పరికరము పుట్టకపూర్వపు కథను చెప్పగలిగినవి ఆ పలకలే.

హైదరాబాదువారు చిత్రించినది ఆకాశమున వేరొక భాగము. అయినను నీతి ఒక్కటియే. గడచిన రాత్రిని ఏ ఉపగ్రహమును తిరిగి చూడజాలదు. కావున ఆనాటి పలకలను, కొలతలను పదిలపరచుట పాతవస్తువులపై మమకారము కాదు. రాబోవు ప్రశ్నలకు సమాధానములను దాచియుంచుట.