మంచుపెట్టె పూర్వోత్తరములు

వేట అనగానే పెక్కుమందికి అడవి జ్ఞప్తికి వచ్చును. కాని బాపట్ల సమీపమునగల సూర్యలంకలోను, రేపల్లెకు దక్షిణముననున్న నిజాంపట్నములోను వేట యనగా చేపల వేటయే. అడవిలో పడిన జంతువుకైనను, వలలో పడిన వంజరమునకైనను తరువాతి చిక్కు ఒక్కటే: ఇల్లు చేరులోపల మాంసము చెడిపోరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1991లో దానికి జరిగిన సవరణ మన దేశమున అడవి జంతువుల వేటను నిషేధించినవి. కనుక ఈ చిక్కునకు పరిష్కారమును మన తీరపు చేపల గంపలోనే వెదకవలెను.

వేసవి ఎండలో చేప కొన్ని గంటలలోనే చెడిపోవును. సూక్ష్మజీవులు వెచ్చదనములో త్వరత్వరగా పెరుగును. 0 డిగ్రీల చెంత వాని పెరుగుదల మిక్కిలి మందగించును. కొన్ని జాతుల చేపలు వెచ్చగా నిలువయున్నచో వానిలో హిస్టమిన్ అను పదార్థము పుట్టును. ఒకసారి పుట్టిన తరువాత అది వండినను నశింపదు, తిన్నవారు అస్వస్థులగుదురు. అందుచేతనే మంచు దొరకని కాలమున, అమ్ముడుపోని చేపను ఉప్పువేసి ఎండబెట్టుట తప్ప బెస్తలకు వేరు దారి లేకుండెను.

ఉష్ణదేశములకు మంచును పంపవచ్చునని చూపినవాడు అమెరికా వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్. 1833 మే నెలలో బోస్టన్ రేవునుండి 180 టన్నుల సహజపు మంచుతో ఆయన పంపిన ఓడ, నాలుగు నెలలు ప్రయాణముచేసి కలకత్తా చేరెను. అప్పటికి సుమారు 100 టన్నులు మిగిలియుండెను! మద్రాసు సముద్రతీరమున ఇట్టి మంచును నిలువచేయుటకు 1842లో కట్టిన ‘ఐస్ హౌస్’ నేటికిని నిలిచియున్నది. తరువాత యంత్రములతో మంచు చేయు కర్మాగారములు రాగా ఓడల మంచు వ్యాపారము అంతరించెను.

మంచు ఇంత శక్తిగలది ఎట్లయ్యెను? 18వ శతాబ్దమున జోసెఫ్ బ్లాక్ కనుగొన్న గుప్తోష్ణమే దీనికి కారణము. ఒక గ్రాము మంచు కరుగుటకు సుమారు 80 కేలరీల వేడిని పీల్చుకొనును. 30 డిగ్రీలనున్న 10 కిలోల చేపను 0 డిగ్రీలకు తెచ్చుటకు లెక్కప్రకారము మూడు కిలోలకు కొంచెము మించిన మంచు చాలును. కాని మన తీరములవంటి వేడిప్రాంతములలో చేపకు సరిసమానముగా మంచు వేయవలెనని నిపుణులు చెప్పుదురు. మిగిలిన మంచు ఏమగుచున్నది? అది చేపను చల్లబరచుటకు గాక, పెట్టె గోడలగుండా దూరివచ్చు వేడిని ఎదుర్కొనుటకు ఖర్చగుచున్నది. మంచుపెట్టెను ఎన్నుకొనుటలోని కీలకమంతయు ఇక్కడనే కలదు.

గోడలో కదలని గాలి ఎంత ఎక్కువగానున్న వేడి అంత తక్కువగా దూరును. ఊక, రంపపు పొట్టు చేయు పని ఇదియే. ట్యూడర్ వాడినది కూడ రంపపు పొట్టే. థర్మోకోలులో అధికభాగము గాలియే. అంతే మందముగల కొయ్యకంటె అది మూడు, నాలుగు రెట్లు తక్కువ వేడిని పోనిచ్చును. ఇక పరిమాణము: పెట్టె అంచును రెండింతలు చేసినచో దానిలో ఎనిమిదింతల సరకు పట్టును, కాని వేడి దూరు ఉపరితలము నాలుగింతలే అగును. అందుచేతనే ఓడ కడుపులోని మంచుగుట్ట నాలుగు నెలలు నిలిచెను. అయితే సగము ఖాళీగానున్న పెద్దపెట్టెకంటె నిండుగానున్న చిన్నపెట్టె మేలు.

మూత బిగువుగా నుండవలెను. కరిగిన నీరు పోవుటకు అడుగున రంధ్రముండవలెను. ఆ నీరు నెత్తురును, సూక్ష్మజీవులను కడిగి తీసికొనిపోవును. గడ్డమంచుకంటె చితుకగొట్టిన మంచు చేపను నలువైపుల అంటుకొని త్వరగా చల్లబరచును. అమెరికాలో రిచర్డ్ లారమీ అనునతడు చేతితో మోయదగిన మంచుపెట్టెకు 1953లో పేటెంటు పొందెను. అచ్చటి వేటగాండ్రకు ఉపయోగపడు పెట్టెకును, నిజాంపట్నపు రొయ్యల పెట్టెకును సూత్రము ఒక్కటే.

రేపల్లె నుండి తెనాలికి రైలు మార్గమున్నది. బాపట్ల, తెనాలి రెండును విజయవాడ–చెన్నై మార్గముననే యున్నవి. మార్గమున్నంతమాత్రమున చేప తాజాగా చేరదు. విద్యార్థులు సమానమైన రెండు డబ్బాలలో సమానముగా మంచు ఉంచి, ఒకదానిచుట్టు నాలుగంగుళముల మందము ఊక పోసి, గంటకొకసారి కరిగిన నీటిని కొలిచి చూడవచ్చును. ఆ నీటిలోని తేడాయే బెస్తవాని రాబడిలోను, కొన్నవారి ఆరోగ్యములోను తేడా.