సూదిలోని ఉత్తరదిక్కు

పరికరములు లేనిదే విజ్ఞానశాస్త్రము సాగదను మాట మన పల్లెబడులలో తరచుగా వినవచ్చును. పరికరములున్న బడులలో సయితము అవి బీరువాలో తాళము క్రింద భద్రముగా నుండును. విద్యుదయస్కాంత శాస్త్ర చరిత్ర మాత్రము ఇందుకు భిన్నమైన కథ చెప్పుచున్నది.

పెన్నలో నీరు తగ్గిన దినములలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతపు పిల్లలు అయస్కాంతమును ఇసుకలో దొర్లించి చూడవచ్చును. నల్లని రేణువులు మీసములవలె నిక్కబొడుచుకొని దానికి అంటుకొనును. అవి మాగ్నటైటు అను ఇనుప ఖనిజపు రేణువులు. అయస్కాంతమునకు ముందుగా కాగితము చుట్టవలెను. లేనిచో వానిని వదలించుటకే ఒక పూట పట్టును.

భూమియే ఒక పెద్ద అయస్కాంతమని 1600లో లండనులో వైద్యుడు విలియం గిల్బర్టు తన గ్రంథమున నిరూపింపబూనెను. అందులో ఒక కమ్మరి చిత్రమున్నది. ఎఱ్ఱగా కాలిన ఇనుమును ఉత్తర దక్షిణములుగా నుంచి అతడు సమ్మెటతో కొట్టుచున్నాడు. ఏ అయస్కాంతమును తాకకయే ఆ ఇనుము దిక్కు నేర్చుకొనును!

దీనిని మన ఇంటనే పరీక్షింపవచ్చును. సూదిని అయస్కాంతముతో ఒకే వైపునకు పలుమార్లు రుద్ది, జొన్నదంటు బెండుపై నుంచి నీళ్ళపళ్ళెములో తేల్చుడు. అది ఉత్తరము చూపును. పెద్దల సమక్షమున దానిని పట్టుకారుతో నిప్పులలో ఎఱ్ఱగా కాల్చి, తూర్పు పడమరలుగా చల్లార్చినచో ఆ గుణము పోవును. మరల కాల్చి ఉత్తర దక్షిణములుగా చల్లార్చినచో కొంత తిరిగి వచ్చును. ఇంగ్లండులో భూమి అయస్కాంతరేఖలు నేలలోనికి ఏటవాలుగా దిగును గనుక అచట కడ్డీని వంచి పట్టుట మేలు. కడప సీమలో అవి దాదాపు అడ్డముగానే సాగును. కడ్డీని నేలపై పడుకోబెట్టిన చాలును.

విద్యుత్తు కథయు ఇట్టిదే. ప్రవాహమున్న తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదలుటను 1820లో అయిర్‌స్టెడ్ కనుగొనెను. 1825లో స్టర్జను వంచిన ఇనుముపై తీగ చుట్టి విద్యుదయస్కాంతము చేసెను. ఆ తీగకు తొడుగు లేదు. చుట్లు ఒకదానినొకటి తాకరాదు గనుక కొన్ని మాత్రమే పట్టెను. అమెరికాలో జోసెఫ్ హెన్రీ తీగకే పట్టుదారము చుట్టి, వరుసపై వరుస పేర్చెను. 1831లో ఆయన అయస్కాంతము 900 కిలోలకు మించిన బరువు మోసెను. జరీలో పట్టుపై లోహము చుట్టుదురు; హెన్రీ లోహముపై పట్టు చుట్టెను. మన నేతగాండ్రకు ఈ ఉపాయము విడమరచి చెప్పనక్కరలేదు. మేకు, పూత గల రాగితీగ, టార్చిలైటు బ్యాటరీ ఉన్నచో మనమును చేయవచ్చును. తీగ వేడెక్కును గనుక క్షణకాలమే కలుపవలెను. ఇంటి కరెంటు జోలికి పోనేరాదు.

ఆ 1831లోనే ఫారడే తీగచుట్టలో అయస్కాంతమును కదల్చి విద్యుత్తు పుట్టించెను.

ఇక పులివెందుల. అచటి సున్నపురాతి పొరల నడుమకు ఒకప్పుడు కరగిన శిల చొచ్చుకొని వచ్చి నల్లరాయిగా గట్టిపడినది. దాని వేడికి ప్రక్కనున్న రాయి మారియే బ్రాహ్మణపల్లె రాతినార ఏర్పడినది. కడప శిలలపై విలియం కింగు 1872లోనే పెద్ద గ్రంథము వ్రాసినను, ఈ నల్లరాయి వయస్సు 188 కోట్ల సంవత్సరములని తేలినది 2008లో. చల్లారునపుడు అది గిల్బర్టు కమ్మరి ఇనుమువలెనే ఆనాటి భూమి దిక్కును తనలో నిలుపుకొన్నది. అట్టి కడప శిలల ముక్కలను తీగచుట్టల చెంత గిరగిర త్రిప్పి, ఫారడే చూపిన మార్గముననే, పుట్టిన స్వల్ప విద్యుత్తునుబట్టి ఆ దిక్కును కొలువవచ్చును. అది నేటి ఉత్తరము కాదు; ఆ కాలమున ఈ నేల భూమధ్యరేఖకు చేరువలో నుండెనని పరిశోధకులు నిర్ణయించినారు.

అందుచేతనే వారు రాతిని కొండనుండి విడదీయుటకు ముందే దానిపై ఉత్తరపు గీత గీయుదురు. గీత లేక తెచ్చిన ముక్క ఎంత అందమైనదైనను దిక్కు చెప్పలేదు.