రెండున్నర రూపాయలతో మొదలైన జనవరి

హైదరాబాద్ సంస్థానంలో ఏ ఊళ్లో ఏం తయారవుతోంది, ఏ వృత్తివాళ్లు ఎలా బతుకుతున్నారు అన్న లెక్క తేల్చాలని ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు కొందరు సంకల్పించారు. ఆర్థిక సర్వే అంటే మాటలా? జిల్లాలు తిరగాలి, మనుషుల్ని పెట్టుకోవాలి, ఖర్చు భరించాలి. చేతిలో డబ్బు లేదు. ముందు ఒక ప్రదర్శన పెడదాం, వచ్చిన సొమ్ముతో సర్వే చేద్దాం అనుకున్నారు. అలా 1938లో బాగే ఆమ్‌లో, అంటే ఇప్పటి పబ్లిక్ గార్డెన్స్‌లో, ‘నుమాయిష్ మస్నూఆతే ముల్కి’, అంటే స్థానిక ఉత్పత్తుల ప్రదర్శన, మొదలైంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రారంభించాడు. సుమారు వంద దుకాణాలు, పది రోజుల సందడి. నిర్వాహకులు చేతిలో పెట్టుకుని బయల్దేరిన మూలధనం రెండున్నర రూపాయలని నగరంలో నేటికీ చెప్పుకుంటారు.

జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా 46 రోజులు నాంపల్లిలో జరిగే ఎగ్జిబిషన్‌కు అదే మొదలు. కొత్త సంవత్సరం, సంక్రాంతి సెలవులు, చలి సాయంత్రాలు అన్నీ కలిసొచ్చే ఆ నెలన్నరలో ఒక్కసారైనా నుమాయిష్‌కు వెళ్లని కుటుంబం పాత హైదరాబాద్‌లో అరుదు.

మొదటి పేరులోని ‘ముల్కి’ ఆ కాలానికి చాలా వేడి పుట్టించిన మాట. సంస్థానంలో ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలంటూ 1919లో నిజాం ఫర్మానా వచ్చింది. అయినా బయటివాళ్లే పెద్ద కుర్చీల్లో కూర్చుంటున్నారన్న అసంతృప్తి చదువుకున్న యువకుల్లో అలాగే ఉంది. కొలువులు మనవి కావాలన్న కోరికకు, వస్తువులూ మనవే కావాలన్న కోరిక తోడైంది. వరంగల్‌లో ఆజంజాహి మిల్లు 1934లో మొదలైంది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ, సిర్పూర్ పేపర్ మిల్లు లేచింది కూడా ఆ సంవత్సరాల్లోనే. అదే 1938 చివర్లో ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బహిష్కరించారు. నిజాం చేత ప్రదర్శన ప్రారంభింపజేసిన విద్యాలయంలోనే నిజాం పాలనను ధిక్కరించిన తరమూ పెరిగింది. ఈ రెండూ కలిపి చూస్తేనే ఆ రోజుల ఉస్మానియా అర్థమవుతుంది.

సంస్థానానికి చూపించుకోదగ్గ సరుకుకు కొదవ లేదు. పదహారు జిల్లాల్లో ఎనిమిది తెలుగువి, ఐదు మరాఠీవి, మూడు కన్నడవి. ఔరంగాబాద్ హిమ్రూ, పైఠాన్ చీరలు, గద్వాల, నారాయణపేట నేతలు, నిర్మల్‌లో పొనికి చెక్కతో చేసే బొమ్మలు, కరీంనగర్ వెండి తీగ పని అన్నీ ఒకే జెండా కింద ఉండేవి. వరంగల్ తివాచీలు 1851లోనే లండన్ మహాప్రదర్శనకు వెళ్లొచ్చాయి.

ఇక బిద్రీ అని పిలిచే బీదర్ పనితనం దగ్గర కాసేపు ఆగాలి. తుత్తునాగంలో కొద్దిగా రాగి కలిపి, మట్టి అచ్చులో పోత పోసి, ఆకురాయితో నున్నగా రుద్దుతారు. దాని మీద మైలుతుత్తం నీళ్లు పూస్తే తాత్కాలికంగా నల్లబడుతుంది. ఆ నలుపు మీద సన్నని మొనతో పువ్వులు, తీగలు గీసి, ఉలితో ఆ గీతల వెంటే కాలువలు తీస్తారు. కాలువల్లోకి వెండి తీగను సుత్తితో మెల్లగా కొట్టి దించుతారు. ఇదంతా అయ్యాక వస్తువును వేడిచేసి, బీదర్ కోటలో తవ్వి తెచ్చిన పాతమట్టిని నవసాగరంతో కలిపి రుద్దుతారు. లోహం శాశ్వతంగా నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే మిగులుతుంది. చివర కాస్త నూనె రాస్తే ఆ నలుపు నిగనిగలాడుతుంది. హుక్కా బుడ్డిలకు, పాన్‌దాన్‌లకు పుట్టిన ఈ విద్య తర్వాత పూలకుండీలకూ చెవిదుద్దులకూ పాకింది.

ఇన్ని మూలల నుంచి మనుషులూ సామానూ ఒక్క నగరానికి చేరాలంటే దారులు ఉండాలి. వాడి జంక్షన్ నుంచి హైదరాబాద్‌కు రైలు 1874లోనే వచ్చింది, నాంపల్లి స్టేషన్ 1907లో లేచింది. నిజాం స్టేట్ రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా కూడా మొదలుపెట్టింది. రైలు దిగి నడిచి వెళ్లే దూరంలోనే మైదానం ఉండటం ఈ ప్రదర్శనకు దక్కిన పెద్ద అదృష్టం.

ఆ మైదానం 1946లో దక్కింది. పబ్లిక్ గార్డెన్స్‌లో చోటు చాలకపోవడంతో, అప్పటి ప్రధాని సర్ మీర్జా ఇస్మాయిల్ హయాంలో నాంపల్లిలోని సుమారు 23 ఎకరాలకు నుమాయిష్ మారింది. ఆ వెంటనే దేశం అట్టుడికిపోయింది. 1947లో, 1948లో ప్రదర్శన లేదు. రజాకార్ల ఆగడాలు, ఆ పైన సెప్టెంబర్ 1948 పోలీసు చర్య. ఆ గాయాలు మానకముందే 1949లో గేట్లు మళ్లీ తెరిచారు. ప్రారంభించినది గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి. సంస్థానం భారతదేశంలో కలిసిపోయింది కనుక ప్రదర్శన గీత కూడా చెరిగింది. ముల్కి సరుకుకే పరిమితమైన మైదానంలోకి దేశం నలుమూలల వర్తకులు వచ్చారు. కాలక్రమంలో పేరు కూడా అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన అయింది.

వచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది కశ్మీరీలను. అక్కడ డిసెంబర్ చివరి నుంచి జనవరి చివరి దాకా నలభై రోజుల ‘చిల్లై కలాన్’, ఎముకలు కొరికే చలి. ఇళ్ల ముందు మంచు, బయట పని లేదు. సరిగ్గా అప్పుడే ఇక్కడ హైదరాబాదీలకు శాలువా కప్పుకోవాలనిపించే చలి. తండ్రులు పెట్టిన దుకాణాన్ని కొడుకులు నడుపుతూ ఏటా పష్మీనాలు, ఫిరన్‌లు, అక్రోట్లు మోసుకొస్తారు. వాళ్ల పక్కనే లక్నో చికన్, ఖుర్జా పింగాణీ, సహారన్‌పూర్ చెక్కసామాను, జైపూర్ రజాయిలు. దుకాణాలు ఇప్పుడు రెండు వేలకు పైనే.

కానీ పిల్లలకు ఇవేవీ పట్టవు. అజంతా గేటు దాటగానే వాళ్ల చూపు రంగుల రాట్నం మీదికి, మైదానం చుట్టూ తిరిగే చిన్న రైలు మీదికి పోతుంది. మౌత్ కా కువాలో బావి గోడల మీద మోటారు సైకిళ్లు గిర్రున తిరుగుతుంటే చెక్కలు దడదడలాడతాయి. మైకులో ఒకవైపు తప్పిపోయిన పిల్లాడి చొక్కా రంగు చెబుతుంటారు. ఇంకోవైపు కూరగాయలు తరిగే పరికరం అమ్మే కుర్రాడు క్యారెట్‌ను క్షణాల్లో పువ్వులా కోసి చూపిస్తుంటాడు. ఆ పరికరం ఇంటికొచ్చాక అలా కోయదని తెలిసీ ఏటా కొంటారు! గాజులు, దుప్పట్లు, ఊరగాయ జాడీలు సంచుల్లో నిండాక మిర్చి బజ్జీల దగ్గర అందరూ కూలబడతారు. ఆడవాళ్లకు మాత్రమే ప్రవేశం ఉండే రోజు ఒకటి పెట్టడం పాత ఆనవాయితీ. పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్లు తీరిగ్గా తిరిగి, బేరమాడి, నచ్చింది తిని వెళ్లే రోజది.

టికెట్ల మీద, దుకాణాల అద్దెల మీద వచ్చే డబ్బు ఎటు పోతుందన్నది ఈ కథలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. నుమాయిష్‌ను నిర్వహించే ఎగ్జిబిషన్ సొసైటీ దాన్ని విద్యాసంస్థలకు ఖర్చుపెడుతోంది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ ఈ మైదానంలోనే ఉన్నాయి. ఎవరో ఇల్లాలు కొన్న టికెట్ డబ్బు ఎవరి ఇంటి అమ్మాయి చదువుకో ఆసరా అవుతోంది. వినోదం నుంచి పుట్టిన సొమ్ము ఇంత సూటిగా చదువుకు చేరడం మన దగ్గర ఎక్కువ చోట్ల కనిపించదు.

కష్టకాలమూ తప్పలేదు. జనవరి 30, 2019 రాత్రి మంటలు లేచి వందలాది దుకాణాలు బుగ్గయ్యాయి. ప్రాణనష్టం లేదు. సంవత్సరాల తరబడి ఇక్కడికొస్తున్న వర్తకులు తెచ్చిన సరుకంతా కళ్లముందే పోయింది. అయినా కొద్ది రోజుల్లోనే మైదానం మళ్లీ తెరుచుకుంది. మరుసటి ఏటికి మంటలార్పే నీటి గొట్టాలు వేశారు. కరోనా వల్ల 2021లో నుమాయిష్ జరగలేదు. 2022 జనవరి 1న తెరిచి, ఆ వెంటనే ఆపేశారు. సరుకు దించుకున్న కశ్మీరీలు ఊరికి పోలేక, ఇక్కడ అమ్మలేక ఎదురుచూశారు. ఫిబ్రవరి 25న గేట్లు మళ్లీ తెరిచేసరికి శాలువాలు కొనే చలి వెళ్లిపోయింది.

ఇన్నేళ్ల ప్రయాణంలో వెనకబడింది స్థానిక వృత్తిపనివాళ్లే. కరీంనగర్ వెండి పనికి 2007లో, వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మైదానంలో మాత్రం యంత్రాల మీద తయారైన చవక సరుకు మధ్య వాటిని వెతుక్కోవాల్సి వస్తోంది. వెండి తీగ అల్లే మనిషికి, బిద్రీ వాళ్ల కొలిమికి, నిర్మల్ బొమ్మలకు రంగులద్దేవాళ్లకు గేటు పక్కనే కాస్త చోటు అద్దె లేకుండా ఇచ్చి, అమ్మకంతో పాటు పని కూడా అక్కడే చేయిస్తే బాగుంటుంది. ఒక్క పువ్వులోకి వెండి దించడానికి ఎంతసేపు పడుతుందో నిలబడి చూసినవాళ్లు దాని ధర దగ్గర బేరమాడరు.