పిలక చేసిన సఫర్

మనం తినే కేలాలో మొలకెత్తే విత్తనం ఉండదు. పిట్టలు మోసుకుపోలేవు, గాలి చల్లలేదు. ఒక మనిషి గడ్డతో సహా పిలక తవ్వి ఇంకో మనిషి చేతిలో పెట్టాలి. అరటి తారీఖ్ అంతా ఈ ఇచ్చిపుచ్చుకోవడమే.

ఆగ్నేయాసియా, న్యూగినీల వైపు పుట్టిన ఈ చెట్టును అరబ్బులు మౌజ్ అన్నారు. సూరె వాఖియాలో జన్నత్ గురించి చెప్పేచోట వచ్చే 'తల్హ్' అరటేనని చాలామంది ముఫస్సిరీన్ రాశారు. కొందరు ముళ్ళచెట్టన్నారు. ఒకదానిపై ఒకటి పేర్చినట్టు అనే మాట పక్కనే ఉంది కదా, గెలను చూసినవాడిగా నాకు మొదటి మాటే నచ్చుతుంది. 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని సెవిల్‌లో ఇబ్న్ అల్ అవ్వామ్ తన సేద్యపు కితాబ్‌లో మౌజ్‌కూ చోటిచ్చాడు. 14వ శతాబ్దంలో ఇబ్న్ బతూతా, ఈజిప్టులోని దమియెత్తా నుంచి ఖాహిరాకు అరటిపళ్ళు పడవల్లో వెళ్తాయని రాశాడు. మొగదిషులోనైతే పచ్చి అరటిని పాలల్లో వండి ఆయన ముందు పెట్టారట! మన దస్తర్‌ఖాన్ ఇంకా అంత సాహసం చేయలేదు.

మన పాత ఇళ్ళ సహన్‌లో వజూ నీళ్ళు పారే చోటే అరటి ఉండేది. దానికి నీళ్ళు కావాలి, నిలవకూడదు. ఒక చెట్టుకు ఒకటే గెల. పక్కన కత్తుల్లాంటి సన్నని ఆకులతో లేచే సూది పిలకను ఒకదాన్ని ఉంచి, వెడల్పాకుల నీటి పిలకలు తీసేసేవారు. గెల కోశాక తల్లిచెట్టును నరికి పాదులోనే వేస్తే పిలకకు ఎరువు. మిగిలిన సూది పిలకలు పొరుగింటికి సౌగాత్.

ఇప్పుడు సహన్ పోయి ఫ్లాట్లొచ్చాయి. వజూ నీళ్ళు పైపులో పోతున్నాయి. నర్సరీలో టిష్యూకల్చర్ మొక్క దొరుకుతుంది, చక్కగా కాస్తుంది కూడా. కానీ మా మొహల్లాలో పాత అరటి ఉన్న ఇల్లు ఒక్కటే మిగిలింది. దాన్నీ పడగొడతారట. ఈలోగా వెళ్ళి ఒక పిలక అడగాలి.