వెనకాల సెట్టింగు, ముందర చరిత్ర: మన ఇంటి పాత టూర్ ఫోటోలు

ఎపిసోడ్‌లోకి వెళ్లే ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఫోన్‌లో గ్యాలరీ తెరిచి, మొత్తం ఎన్ని ఫోటోలున్నాయో చూడండి. నాలుగు వేలా? పది వేలా? సరే. ఇప్పుడు మీ అమ్మానాయనల పెళ్లయిన కొత్తలో, మీరు పుట్టకముందు ఇంట్లో వాళ్లంతా కలిసి టూర్ పోయిన ఫోటోలు ఎన్ని ఉన్నాయో ఇంట్లో అడగండి. బీరువాలో చీరల కింద ఉన్న ఆల్బమ్ తీస్తారు. అందులో ముప్పై ఉంటే గొప్ప.

ఈరోజు మనం మాట్లాడుకునేది ఆ ముప్పై ఫోటోల గురించే. కర్నూలు, కడప జిల్లాల్లో చాలా ఇళ్లల్లో ఇలాంటి ఫోటో ఒకటి ఉంటుంది. హైదరాబాద్ రామోజీ ఫిల్మ్ సిటీలో ఫౌంటెన్ ముందరో, మద్రాసు వీజీపీ గోల్డెన్ బీచ్‌లో కదలకుండా నిలబడే ఆ తలపాగా కాపలాదారు పక్కనో ఇంటిల్లిపాదీ వరసగా నిలబడి దిగిన ఫోటో. చూసి నవ్వుకుని పక్కన పెట్టేస్తాం. కానీ దాన్ని ఒక శాసనం చదివినట్టు చదవొచ్చు. ఎట్లా చదవాలో చూద్దాం.

ముందు దారి సంగతి. కర్నూలు వాళ్లకు హైదరాబాద్ దగ్గర, సుమారు 210 కిలోమీటర్లు. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగొచ్చు. కడప ఉన్నది ముంబై, చెన్నై రైలు మార్గం మీద. అందుకే కడప, రాజంపేట, కోడూరు వైపు వాళ్లకు పెద్ద ఊరంటే మద్రాసే. ఆల్బమ్‌లో హుస్సేన్‌సాగర్ ఉందా, మెరీనా బీచ్ ఉందా అన్నది చూస్తే ఆ ఇల్లు ఏ వైపుదో సగం తెలిసిపోతుంది. తిరుపతి మాత్రం అందరి ఆల్బమ్‌లలోనూ ఉంటుంది. కాచిగూడ నుంచి వచ్చే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ కర్నూలునూ కడపనూ దాటుకునే తిరుపతికి పోతుంది కదా. మొక్కు పేరు మీద బయలుదేరడం, వచ్చేటప్పుడో పోయేటప్పుడో ఇంకో ఊరు చూసుకోవడం, అప్పట్లో టూర్ అంటే చాలా ఇళ్లల్లో అదే. ఉత్త సరదాకు డబ్బు ఖర్చు పెట్టి పోవడం కరువు సీమలో చాలా ఆలస్యంగా వచ్చిన అలవాటు.

ఆ అలవాటు ఎప్పుడు వచ్చిందో పార్కుల తేదీలే చెబుతాయి. అమెరికాలో డిస్నీల్యాండ్ 1955లో తెరిచారు. మన దేశంలో ఢిల్లీ అప్పు ఘర్ 1984లో వచ్చింది. 1982 ఏషియన్ గేమ్స్‌కు గుర్తుగా పెట్టిన ఏనుగు పిల్ల అప్పు పేరే దానికి పెట్టారు. ముంబైలో ఎస్సెల్ వరల్డ్ 1989లో. మద్రాసు తాంబరం దగ్గర కిష్కింత 1995లో. దాన్ని పెట్టింది ఎవరో తెలుసా? మలయాళ నిర్మాత నవోదయ అప్పచ్చన్. మన దేశంలో మొదటి త్రీడీ సినిమా తీసింది ఆయనే. మన వాళ్లు దాన్ని తెలుగులో 'చిన్నారి చేతన'గా చూశారు. ఆ మరుసటి ఏడు, 1996లో, రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చింది. బెంగళూరు వండర్‌లా 2005లో.

అంటే మన ఇళ్లల్లో ఉండే పార్కు ఫోటోల్లో ఎక్కువ భాగం 1990ల నుంచి 2000ల మధ్యలోవి. ఆ పదిహేనేళ్లలోనే నెలజీతం మీద బతికే కుటుంబాలు మన దగ్గర పెరిగాయి. టీచర్లు, ఆర్టీసీ ఉద్యోగులు, బ్యాంకు గుమాస్తాలు, ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో చేసేవాళ్లు, ముద్దనూరు దగ్గర థర్మల్ ప్లాంటులో చేసేవాళ్లు. వానతో పని లేకుండా ఒకటో తారీఖు డబ్బు చేతికొస్తే తప్ప వేసవి సెలవుల్లో ఫలానా రోజు పోదామని ముందే అనుకోలేం. సెనక్కాయ పంట మీద బతికే ఇంట్లో టూర్ తేదీని వాన నిర్ణయిస్తుంది. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఆదోని, కోసిగి వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు వలసపోయే కుటుంబాలున్నాయి. వాళ్లు కూడా పిల్లాజెల్లాతో మూటాముల్లె కట్టుకుని ప్రయాణం చేశారు. ఆ ప్రయాణాలకు ఆల్బమ్ లేదు. ఎవరింట్లో ఫోటో ఉంది, ఎవరింట్లో లేదు అన్నది కూడా చరిత్రే.

ఇప్పుడు కెమెరా. 1970ల్లో బాగా కనిపించింది ఆగ్ఫా క్లిక్ త్రీ. రీలుకు 12 ఫోటోలు. చతురస్రంగా, బ్లాక్ అండ్ వైట్‌లో, చుట్టూ తెల్ల అంచుతో చిన్న ఫోటో కనిపిస్తే ఇలాంటి కెమెరాతో తీసింది అయ్యుండొచ్చు. 1980ల్లో హాట్‌షాట్ వచ్చింది. ఆ తర్వాత కోడాక్ చిన్న కెమెరాలు, 36 ఫోటోల కలర్ రీళ్లు. కెమెరా సొంతంగా లేకపోతే చిన్నాయన స్నేహితుడిదో, ఆఫీసులో ఎవరిదో అడిగి తెచ్చుకునేవాళ్లు. రీలు కొనాలి, వచ్చాక స్టూడియోలో కడిగించాలి, ప్రింట్లు వేయించాలి. అన్నిటికీ డబ్బులే. మూడు రోజుల టూర్‌కు 36 నొక్కుళ్లు. అందుకే పాత ఫోటోల్లో అందరూ అటెన్షన్‌లో నిలబడినట్టు ఉంటారు. వాళ్లు కోపంగా లేరు, ఫ్రేము వృథా కాకూడదని ఊపిరి బిగబట్టారు. రీల్లో మొదటి ఫోటో సగం కాలిపోయినట్టు ఎర్రగా ఉంటుంది చూశారా? లోడ్ చేసేటప్పుడు వెలుతురు తగిలిన ముక్క మీద కూడా ఒక ఫోటో వస్తే వచ్చిందే లాభం అని నొక్కేవాళ్లు. ఇంకొకటి, తినేటప్పుడు తీసిన ఫోటోలు దాదాపు ఉండవు. ఇంటి నుంచి కట్టుకొచ్చిన చిత్రాన్నం, ఓళిగలు, బొరుగులు పార్కు గేటు బయట చెట్టు కింద తినేసి లోపలికి పోయారు. దాని మీద ఫ్రేము ఎవరు వాడతారు? మన దగ్గరైతే బిర్యానీకే పది ఫోటోలు.

ఇక అసలు విషయం. ఫిల్మ్ సిటీలో ఎయిర్‌పోర్ట్ సెట్టు ఉంది, రైల్వే స్టేషన్ సెట్టు ఉంది, లండన్ వీధి లాంటి వీధి ఉంది. అప్పటిదాకా విమానాన్ని ఆకాశంలో తప్ప చూడని మనుషులు ఆ ఎయిర్‌పోర్ట్ ముందర నిలబడి ఫోటో దిగారు. అంతకుముందు మన ఊళ్లల్లో తిరునాళ్ల స్టూడియోలో అట్ట విమానంలో కూర్చుని దిగినట్టే. అబద్ధపు విమానాశ్రయమని నవ్వొచ్చు. కానీ ఉమ్మడి కడప జిల్లాలో ఉండిన రాజంపేట, రాయచోటి వైపు అడగండి. ఆ ఇళ్ల నుంచి మగవాళ్లు, ఆడవాళ్లు కువైట్‌కు పోయారు. ఇళ్లల్లో పనికి, డ్రైవర్లుగా, ఏళ్ల తరబడి. వాట్సాప్ లేని రోజుల్లో ఇంటి నుంచి వాళ్లకు అందింది ఉత్తరం, అందులో మడత పడకుండా పెట్టిన ఫోటో. పిల్లోడు ఎంత ఎత్తు పెరిగాడో తల్లికి ఆ ఫోటోనే చెప్పాలి. అట్లాంటి ఇంట్లో విమానం బొమ్మ ముందు నిలబడిన పిల్లల ఫోటో ఉత్త సరదా ఫోటో ఎట్లా అవుతుంది? కడపలో నిజమైన విమానాశ్రయం మొదలైంది 2015లో. కర్నూలుకు ఓర్వకల్లు దగ్గర 2021లో. సెట్టింగు ముందర నిలబడిన పిల్లలకు నిజం విమానాశ్రయం సొంత జిల్లాకు వచ్చేసరికి నడివయసు దగ్గరపడింది. వెనకాల ఉన్నది ప్లాస్టర్ గోడే. ముందర ఉన్న ఆశ మాత్రం నిజం.

ఫోటోలో లేనివాళ్లను కూడా చూడాలి. ప్రతి ఫోటోలోనూ ఒకరు తక్కువ. ఆయనే కెమెరా పట్టుకున్నాడు. చాలా ఇళ్లల్లో అది నాయనో చిన్నాయనో. అందుకే టూర్ మొత్తానికి ఆయన ఫోటోలు రెండే ఉంటాయి, అవీ దారిన పోయేవాళ్లను బతిమాలి తీయించుకున్నవి. ఇంటి కాపలాకనో, బర్రెకు మేత వేయాలనో ఇంట్లోనే ఉండిపోయిన జేజి అసలు ఏ ఫోటోలోనూ ఉండదు. టూర్ సాధ్యమైంది ఆమె ఇంటి దగ్గర ఉండబట్టే.

తేదీ కనుక్కోవడం ఎట్లా? మూలన నారింజ రంగు అంకెలుంటే సంతోషమే కానీ పూర్తిగా నమ్మొద్దు. బ్యాటరీ మార్చాక తేదీ సెట్ చేయని కెమెరాలు చాలా ఉండేవి. బ్యాక్‌గ్రౌండ్ చూడండి. హుస్సేన్‌సాగర్ మధ్యలో బుద్ధుడు నిలబడి ఉంటే ఆ ఫోటో 1992 డిసెంబర్ తర్వాతదే. 1990లో తరలించేటప్పుడు ఆ విగ్రహం నీళ్లలో మునిగింది, రెండేళ్ల తర్వాతే నిలబెట్టారు. ఫోటో వెనక తిప్పితే కాగితం కంపెనీ పేరు ఉంటుంది, ఒక్కోసారి స్టూడియో ముద్ర ఉంటుంది. చంకలో ఉన్న పాప ఎవరో తెలిస్తే, ఆ పాప పుట్టిన సంవత్సరమే మీ కొలబద్ద.

ఇదంతా ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, టైం లేదు. మన ప్రాంతానికి నీళ్లు లేని బాధ ఎంతుందో, నీళ్లు వచ్చి పడిన బాధా అంతే ఉంది. శ్రీశైలం రిజర్వాయరు కింద 1981లో కృష్ణా, తుంగభద్ర ఒడ్డు ఊళ్లు మునిగిపోయాయి. ఎండాకాలంలో నీళ్లు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, జనం పోయి మొక్కుతారు. ఇళ్లు అట్లా బయటపడవు. తమ వీధి ఫోటో ఒక్కటైనా లేని కుటుంబాలు ఎన్నో. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు నగరాన్ని ముంచేశాయి. 19 లక్షల క్యూసెక్కుల కోసం కట్టిన శ్రీశైలానికి 25 లక్షలకు పైగా వచ్చింది. ప్రాణాలు దక్కించుకుని మిద్దెలెక్కినవాళ్లు ఆల్బమ్ తీసుకోవాలని ఎట్లా అనుకుంటారు? 2021 నవంబర్‌లో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు రాజంపేట ప్రాంతంలోనూ ఇదే. ఫ్రిజ్ మళ్లీ కొనుక్కోవచ్చు. మునిగిన నెగటివ్‌కు ఇంకో కాపీ లేదు.

వరద రాకపోయినా రంగులు ఆగవు. కలర్ ప్రింట్‌లో ఉన్నది మూడు రంగుల పూత. వాటిలో నీలిపచ్చ రంగు చీకట్లో కూడా ముందుగా పాడవుతుంది, అందుకే పాత ఫోటోలు ఎర్రబారతాయి. పైన ప్లాస్టిక్ కవరు, కింద జిగురు ఉండే ఆల్బమ్‌లు ఇంకా చెడ్డవి. ఆ జిగురే ఫోటోను తింటుంది. బ్లాక్ అండ్ వైట్ ఫోటోలో ఉన్నది వెండి, అందుకే మీ తాత పెళ్లి ఫోటో మీ నాయన పెళ్లి ఫోటో కంటే బాగుండొచ్చు.

చేయాల్సింది పెద్దదేం కాదు. ఫోటోలను పగటి వెలుతురులో, నీడపట్టున, నీడ పడకుండా ఫోన్‌తో తీయండి. వెనక వైపు కూడా తీయండి. జిగురుకు అంటుకున్నవి లాగొద్దు, ఆల్బమ్‌లో ఉండగానే తీయండి. నెగటివ్‌లు పారేయొద్దు, ప్రింటు కంటే వాటిలోనే వివరం ఎక్కువ. తడిసిన ఫోటోలు ఒకదానికొకటి అంటుకుని ఎండకముందే చల్లని మంచినీళ్లలో మెల్లగా విడదీసి, బొమ్మ పైకి ఉండేట్టు నీడలో ఆరబెట్టండి.

అన్నిటికంటే ముఖ్యమైంది, అమ్మనో అవ్వనో పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేయండి. "ఈమె ఎవరు? ఆ రోజు యాడ దిగినారు? ఈ చీర ఎవరిది?" అని అడగండి. చీర దగ్గర మొదలుపెడితే పక్కింటావిడ దగ్గర అరువు తెచ్చిన సంగతి వస్తుంది, అక్కడి నుంచి ఆ ఏడు పంట పోయిన సంగతి వస్తుంది. ఫోటో రేపు స్కాన్ చేసినా ఫర్వాలేదు. పేర్లు తెలిసిన మనిషి రేపటికి ఉండకపోతే అందులోవాళ్లు ఎవరో ఒకరుగా మిగిలిపోతారు. ఈ ఆదివారం ఒక్క ఫోటో వెనక, మెత్తటి పెన్సిల్‌తో, పేర్లూ ఊరూ సంవత్సరమూ రాయండి. మీ ఇంట్లో కెమెరా పట్టుకుని ఫోటోల్లో లేకుండా పోయింది ఎవరో కామెంట్లలో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.