లోయలో కృష్ణ, మెట్టపై కోడేరు

నది చెంతనున్న నేలకు నీటి కొరత యుండదని తలచుట సహజము. కాని పాలమూరు సీమవారి అనుభవము వేరు. కోడేరు నుండి కొల్లాపురము మీదుగా దక్షిణమునకు పోయినచో సోమశిల వద్ద కృష్ణానది దర్శనమిచ్చును. అంతటి మహానది పొరుగున పారుచుండగా, ఈ ప్రాంతపు మెట్టపొలములు మాత్రము తరతరములుగా మబ్బు వంక చూచుచు, చెరువులను, బావులను నమ్ముకొని బ్రతికినవి. ఇందుకు కారణము సోమరితనము కాదు, దైవకోపమును కాదు. నది లోయలో నున్నది. పొలము మెట్టపై నున్నది. ఈ సీమ చరిత్రలో చాల భాగము ఈ ఎత్తుపల్లముల లెక్కయే.

ఈ సంగతి తేటపడుటకు చీనాదేశపు పసుపునదిని, అనగా హ్వాంగ్‌హోను, పోల్చి చూతము. సుమారు 5,464 కిలోమీటర్ల పొడవుగల ఆ నది మెత్తని పచ్చమట్టి పీఠభూములను కోసికొని వచ్చి, ఆ ఒండ్రును మైదానమున దించును. నదీగర్భము పూడి పైకి లేచుచుండగా జనులు గట్లను పెంచుచు వచ్చిరి. తుదకు కైఫెంగు నగర ప్రాంతమున నది పొలములకంటె ఎత్తున పారసాగెను. గట్టు తెగినచో ప్రళయమే. 1887 నాటి వరదలో లక్షలకొలది జనులు మరణించిరి. అందుచేతనే దానికి ‘చీనా దుఃఖము’ అను పేరు వచ్చినది. అచట నది పైన, పొలము క్రింద, దుఃఖము వరద. ఇచట పొలము పైన, నది క్రింద, దుఃఖము దప్పిక.

మన కృష్ణ పడమటి కనుమలలో మహాబలేశ్వరము వద్ద పుట్టి, సుమారు 1,400 కిలోమీటర్లు ప్రయాణించి, హంసలదీవి వద్ద సముద్రమున కలియుచున్నది. మహారాష్ట్ర, కర్ణాటకములను దాటి, నారాయణపేట జిల్లాలో తంగిడి వద్ద భీమానదిని కలుపుకొని తెలంగాణమున ప్రవేశించును. గద్వాల, వనపర్తి సీమల నడుమ తూర్పుగా సాగి, అలంపురము చేరువను తుంగభద్రను తనలో చేర్చుకొనును. అటుపై నల్లమల కొండలను చీల్చుకొని లోతైన లోయలో దిగిపోవును. ఆ లోయ కనులకు సొంపైనదే. కాలువ త్రవ్వదలచినవానికి మాత్రము కొరకరాని కొయ్య.

కావుననే కృష్ణా జలములను మళ్లించు మహాప్రయత్నము ఆధునిక కాలమున ఎగువను గాక, సముద్రము చెంత ప్రారంభమైనది. 1852లో మొదలిడి 1855 నాటికి బెజవాడ వద్ద ఆనకట్ట కట్టిరి. డెల్టా భూమి పల్లమగుటచే కొద్దిపాటి అడ్డుతోనే నీరు తనంత తాను కాలువలలోనికి పారినది. 1952లో ఆ ఆనకట్టకు గండిపడగా, 1957లో ప్రకాశము బ్యారేజి వెలసినది. నాగార్జునసాగరమునకు 1955లో శంకుస్థాపన జరుగగా, 1967లో కాలువలకు నీరు విడిచిరి. పాలమూరు వంతు ఆలస్యముగా వచ్చినది. తుంగభద్రపై రాజోలిబండ మళ్లింపు పథకము అలంపురము వైపున 87,500 ఎకరములకు ఉద్దేశింపబడినది. కృష్ణపై జూరాల ఆనకట్టకు 1981లో గాని పునాదిరాయి పడలేదు. ఈ నడుమ పాలమూరు కూలీలు గంపలు, పారలు చేతబట్టి దేశము నలుమూలల ఆనకట్టలకు మట్టి మోసిరి. పరుల పొలములకు నీరు పారించిన చేతులకు తమ ఊర తడినేల కరవైనది.

1969లో ఏర్పడిన బచావత్ న్యాయమండలి 1973లో కృష్ణా జలములను పంచినది. 2,060 టి.ఎం.సి.లు లభ్యమగునని లెక్కగట్టి మహారాష్ట్రమునకు 560, కర్ణాటకమునకు 700, నాటి ఆంధ్రప్రదేశమునకు 800 కేటాయించినది. టి.ఎం.సి. యనగా నూరుకోట్ల ఘనపుటడుగులు. అందు జూరాలకు దక్కినది 17.84 మాత్రమే.

ఇక శ్రీశైలము కథ. 1963 జులై 24న ప్రధాని నెహ్రూ శంకుస్థాపన గావించిన ఈ ఆనకట్టకు పూర్తి నీటిమట్టము 885 అడుగులు. దాని వెనుక నిలిచిన జలము లోయపొడవునా వ్యాపించి, నదికి ఇరువైపుల వందకు పైగా గ్రామములను ముంచినది. సుమారు లక్షమంది ఇల్లు వాకిళ్లు విడిచిరి. మునిగినవి మెట్టలు కావు. తరతరములుగా పండిన నదీతీరపు మాగాణి పొలములు. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి అలంపురమునకు తరలించిరి. జటప్రోలు మదనగోపాలస్వామి గుడిని సైతము మార్చి కట్టిరి. అలంపురమును కాపాడుటకు అడ్డుగోడ నిర్మించిరి. గుడిని విప్పి మరల కట్టవచ్చును. ఊరిని అట్లు కట్టుట ఎవరి తరము? నిర్వాసితుల కుటుంబములకు ఉద్యోగములలో అవకాశము కల్పించుచు 1986లో ప్రభుత్వము 98వ నంబరు ఉత్తర్వు వెలువరించినది. దాని అమలుకై ఆ సంతతివారు దశాబ్దముల తరబడి అర్జీలు పట్టుకొని తిరుగవలసివచ్చినది.

అయినను ఆ జలాశయమే మెట్టభూమికి దారి చూపినది. లోయలో నీరు ఎత్తున నిలిచినందున, యంత్రములతో తోడుట సాధ్యమైనది. కల్వకుర్తి ఎత్తిపోతల పథకము కొల్లాపురము చెంత ఎల్లూరు వద్ద నీటిని అందుకొని, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు అను మరి రెండు మెట్లపై ఎక్కించుచున్నది. అదే జలాశయమునుండి నార్లాపురము వద్ద మొదలగు పాలమూరు-రంగారెడ్డి పథకమునకు 2015లో శంకుస్థాపన జరుగగా, 2023 సెప్టెంబరు 16న తొలి పంపు తిరిగినది.

కాని యంత్రముపై ఆధారపడిన నీటికి యంత్రపు బలహీనతయు అంటును. 2020 అక్టోబరులో ఎల్లూరు పంపుగృహమే నీట మునిగినది. విద్యుత్తు లేనిదే బొట్టైనను పైకి రాదు. జలాశయము సైతము శాశ్వతము కాదు. పసుపునదిపై 1960లో పూర్తియైన సన్‌మెన్‌షియా ఆనకట్ట కొలది యేండ్లలోనే ఒండ్రుతో పూడసాగెను. శ్రీశైలము అంత వేగముగా పూడకపోయినను, మొదట 308 టి.ఎం.సి.లు పట్టిన ఆ జలాశయము నేడు సుమారు 215 మాత్రమే పట్టుచున్నది. కావున ఎత్తిపోసిన నీరు వచ్చినదని పాత చెరువుల కట్టలను, తూములను మరచుట తగదని మేము భావించుచున్నాము. వాననీటిని మెట్టపైననే నిలుపుకొన్నచో, ఆ మేరకు లోయనుండి తోడు శ్రమ తగ్గును.

ఏటేట వేసవిలో జలాశయము తగ్గినపుడు సోమశిల కెదురుగా ఆవలిగట్టున సంగమేశ్వరాలయము నీటినుండి బయల్పడును. భక్తులు పోయి పూజలు సలుపుదురు. తొలకరి పిదప వరద రాగానే అది మరల మునిగిపోవును. మెట్టపొలమున కాలువనీరు పారుచున్నపుడు, అది ఒకరి ఊరిమీద నిలిచి వచ్చిన నీరని తలచుకొనుట మన విధి. ఆ నిర్వాసితులకు చెల్లవలసిన బాకీ చెల్లినప్పుడే, లోయలోని కృష్ణ మెట్టకు న్యాయముగా ఎక్కినట్లగును.